బొమ్మ మీద కాగితం పెట్టి చదివించి చూడండి

“అక్కా, మావాడు లెవెల్ జె అంట, మంచిదేనా?” ఫస్ట్ గ్రేడ్ పిల్లల అమ్మానాన్నలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. నేను ఒహాయోలో ఒక పబ్లిక్ ఎలిమెంటరీ స్కూల్లో రీడింగ్ ఇంటర్వెన్షన్ చూస్తాను. చదవడంలో వెనకబడ్డ పిల్లలు నలుగురేసి, ఐదుగురేసి క్లాసులోంచి నా బల్ల దగ్గరికి వస్తారు. ఎంత కష్టమైన పుస్తకం చదవగలరో చెప్పే, ఎ నుంచి జెడ్ దాకా ఉండే ఆ లెవెళ్లలో ఫస్ట్ గ్రేడ్ పూర్తయ్యేసరికి జె దగ్గర ఉండాలని లెక్క. కాబట్టి “మంచిదే” అని చెప్పి పంపెయ్యొచ్చు. కానీ పిల్లవాడు అక్షరాలు చూసి చదువుతున్నాడా, బొమ్మ చూసి అల్లుతున్నాడా అన్నది ఆ లెవెల్‌ని బట్టి తెలియదు. రెండు రకాల పిల్లలూ జెలో ఉంటారు. సెకండ్ గ్రేడ్ మధ్యలో బొమ్మలు తగ్గి, కొత్త మాటలు పెరిగేసరికి ఒకడు సాగిపోతాడు, ఇంకొకడు నా బల్ల దగ్గర తేలతాడు.

ఆ తేడా ఇంట్లోనే ఎలా పట్టుకోవాలో, పట్టుకున్నాక స్కూల్లో ఏం అడగాలో, ఇంట్లో ఏం చెయ్యాలో చెప్తాను. కిండర్‌గార్టెన్ నుంచి థర్డ్ గ్రేడ్ దాకా అమెరికా స్కూళ్లలో పిల్లలున్నవాళ్ల కోసం ఇది.

ముందు పక్కన కూర్చోండి

స్కూల్ బ్యాగులో వచ్చిన చిన్న పుస్తకం ఒకటి తీసుకోండి. ఇంతకు ముందు చదవనిదై ఉండాలి, లేకపోతే కంఠస్థం అప్పజెప్పేస్తారు. మొదటి రెండు పేజీలు మామూలుగా చదవనివ్వండి. తరవాతి పేజీ తిప్పుతూనే బొమ్మ మీద కాగితం పెట్టండి. తప్పు చదివినా దిద్దకండి, అందించకండి. మీరు గమనించాల్సింది ఒకటే, తెలియని మాట ఎదురైనప్పుడు పిల్లల కళ్లు ఎటు పోతున్నాయి?

ఒక పాప సంగతి చెప్తాను. పేజీలో ఉన్నది “ది బన్నీ ఈజ్ అండర్ ది బెడ్.” పాప గుక్క తిప్పుకోకుండా “ది ర్యాబిట్ ఈజ్ అండర్ ది బెడ్” అని చదివేసింది. కాగితం మీద మాట బి అక్షరంతో మొదలైంది, నోట్లోంచి ఆర్ శబ్దం వచ్చింది. బొమ్మలో కుందేలుంది, అర్థం కుదిరింది, కాబట్టి ఆ పిల్లకి ఎక్కడా తేడా అనిపించలేదు. తరవాతి పేజీలో బొమ్మ మూశాను. అందులో మాట “షెడ్.” ముందు నా మొహంలోకి చూసింది. తరవాత కాగితం అంచు కింద ఏమైనా కనబడుతుందేమోనని వంగి చూసింది. తరవాత పైకప్పు వైపు చూసింది. నాలుగు అక్షరాలు కళ్ల ముందే ఉన్నాయి, వాటి వైపు తప్ప అన్ని వైపులా చూసింది. తెలివైన పిల్ల. తనకు నేర్పిన పనే చేస్తోంది.

కంగారు పడాల్సిన గుర్తులు ఇవి: ఉన్న మాట బదులు అదే అర్థం వచ్చే ఇంకో మాట చదవడం, మొదటి అక్షరం మాత్రం చూసి “హౌస్”ని “హార్స్” అనెయ్యడం, తెలియని మాట దాటేసి వాక్యం చివరికి పోయి వెనక్కి రావడం, బొమ్మ మూసేసరికి మూగబోవడం. నత్తనడకన, ఒక్కో శబ్దం కూడబలుక్కుంటూ, చెమటలు పట్టేలా చదువుతున్న పిల్లల గురించి మాత్రం బెంగ పెట్టుకోకండి. వినడానికి కష్టంగా ఉంటుంది గానీ వాళ్లు సరైన దారిలోనే ఉన్నారు. గడగడా చదివేవాళ్లనే ఒకటికి రెండుసార్లు చూడమంటాను.

ఊహించమని నేర్పిందెవరు?

ఇది తెలిస్తే టీచర్ మీద కోపం తగ్గుతుంది, అందుకని చెప్తున్నాను.

అక్షరాల శబ్దాలతో మొదలెట్టాలా, మొత్తం మాటలతో మొదలెట్టాలా అన్న గొడవ అమెరికాలో 1840ల నుంచీ ఉంది. మసాచుసెట్స్‌లో పబ్లిక్ స్కూళ్లకి పునాది వేసిన హొరేస్ మాన్‌కే విడి అక్షరాలు నేర్పడం నచ్చేది కాదు. 1930ల నుంచి మాట మొత్తాన్ని చూసి గుర్తుపట్టించే పాఠ్యపుస్తకాలు రాజ్యమేలాయి. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ అనే రచయిత వాటి మీద విరుచుకుపడ్డాడు. 1967లో హార్వర్డ్ ప్రొఫెసర్ జీన్ చాల్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వడబోసి, మొదట్లోనే అక్షరాలకీ శబ్దాలకీ ఉన్న సంబంధం నేర్పితే మేలని తేల్చింది. అక్కడితో ముగియాలి. కానీ అదే 1967లో కెన్నెత్ గుడ్‌మన్ అనే ఆయన చదవడమంటే ఒక రకం ఊహించే ఆట అని వ్యాసం రాశాడు. మంచి పాఠకుడు ప్రతి అక్షరాన్నీ చూడడు. అర్థాన్ని బట్టి, వాక్యం నడకను బట్టి, కొంచెం అక్షరాలను బట్టి తరవాతి మాటను ఊహిస్తాడు అన్నది ఆయన వాదన. బిడ్డ మాటలు నేర్చుకున్నంత సహజంగానే చదవడమూ వస్తుంది, మంచి పుస్తకాల మధ్య ఉంచితే చాలు అన్న నమ్మకం దీని చుట్టూ అల్లుకుంది. దానికే హోల్ లాంగ్వేజ్ అని పేరు. “బన్నీ”ని “ర్యాబిట్” అంటే ఆ లెక్కన తప్పు కానే కాదు, అర్థం చెడలేదు కదా!

ఆ వాదనని పరీక్షించినవాళ్లలో కీత్ స్టనోవిచ్, రిచర్డ్ వెస్ట్ అనే పరిశోధకులు ఉన్నారు. మంచి పాఠకులే సందర్భం మీద ఎక్కువ ఆధారపడతారని అనుకుని మొదలుపెట్టి, సరిగ్గా దానికి ఎదురైనది కనిపెట్టారు. మాటను గుర్తుపట్టడానికి సందర్భాన్ని పట్టుకుని వేలాడేది చదవలేనివాళ్లే. బాగా చదివేవాళ్లకి అక్షరాలు చూడగానే మాట వచ్చేస్తుంది, ఊహించే అవసరమే పడదు.

కాలిఫోర్నియా 1987లో సాహిత్యానికి పెద్దపీట వేసి, హోల్ లాంగ్వేజ్‌కి తలుపులు తెరిచింది. 1994లో నేప్ అనే జాతీయ పరీక్షలో ఆ రాష్ట్రపు ఫోర్త్ గ్రేడ్ పిల్లలు దాదాపు అట్టడుగున నిలిచారు, 1995లో చట్టం మార్చుకున్నారు. దీన్ని హోల్ లాంగ్వేజ్ మీద తుది తీర్పులా చెప్పేవాళ్లున్నారు. అంత తేలికేం కాదు. అప్పుడు అక్కడ క్లాసులు కిక్కిరిసి ఉండేవి, స్కూల్ లైబ్రరీలు దీనంగా ఉండేవి, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లలు ఎక్కువ. ఒక్క పద్ధతి మీదే అంతా రుద్దడం నాకు న్యాయంగా తోచదు. 2000లో నేషనల్ రీడింగ్ ప్యానెల్ నివేదిక మాత్రం గట్టిది. శబ్దాలను చెవితో విడదీయగలగడం, ఫోనిక్స్ (ఏ అక్షరానికి ఏ శబ్దమో నేర్పడం), ధారాళంగా చదవడం, మాటల సంపద, అర్థం చేసుకోవడం, ఈ ఐదూ నేర్పాలంది. ఫోనిక్స్ క్రమపద్ధతిలో నేర్పితేనే ఫలితం మెరుగని స్పష్టంగా చెప్పింది.

అప్పుడు అందరినీ ఒప్పించడానికి బ్యాలెన్స్‌డ్ లిటరసీ అనే మాట ముందుకొచ్చింది. ఉదయం పావుగంట ఫోనిక్స్, ఆ తరవాత పుస్తకం తెరిచాక మళ్లీ “బొమ్మ చూడు, ఏ మాట కుదురుతుందో ఆలోచించు.” మీ పిల్లల క్లాసులో గోడ మీద గద్ద బొమ్మతో “ఈగిల్ ఐ,” కప్ప బొమ్మతో “స్కిప్పీ ఫ్రాగ్” అని పోస్టర్లు కనబడితే అది ఈ వారసత్వమే. గద్ద బొమ్మ చూడమంటుంది, కప్ప తెలియని మాట దాటేయమంటుంది. వాటి పక్కనే శబ్దాలు సాగదీయమనే పాము కూడా ఉంటుంది పాపం, కానీ బొమ్మ చూస్తే పని జరిగిపోయేటప్పుడు పాము జోలికెవరు పోతారు?

2022లో ఎమిలీ హ్యాన్‌ఫోర్డ్ అనే విలేకరి చేసిన “సోల్డ్ ఎ స్టోరీ” పాడ్‌కాస్ట్ తరవాత ఈ చర్చ టీచర్ల గదిలోంచి బయటికి వచ్చి ఇళ్లకు చేరింది. ఒహాయో 2023లో, అర్థం, వాక్యం నడక, అక్షరాలు ఈ మూడింటిని బట్టి ఊహించి చదివించే మూడు సూచనల పద్ధతిని దాదాపుగా నిషేధించింది. న్యూయార్క్ సిటీ అదే ఏడు కొత్త పాఠ్యక్రమాలకి మారడం మొదలుపెట్టింది. అందరూ ఉదాహరణగా చూపించే మిసిసిపీ 2013లోనే చట్టం చేసింది, 2019కి ఫోర్త్ గ్రేడ్‌లో దేశ సగటును అందుకుంది. ఒక్క ఫోనిక్స్ వల్లే అందుకుందంటే నేను ఒప్పుకోను. టీచర్లకి శిక్షణ ఇచ్చారు, వెనకబడ్డ స్కూళ్లకి కోచ్‌లను పంపారు, థర్డ్ గ్రేడ్‌లో చదవడం రానివాళ్లను అదే క్లాసులో ఆపారు. ఇవన్నీ కలిశాయి.

చట్టం మారినంత తొందరగా క్లాసు మారదు. ఇరవై ఏళ్లుగా ఒక రకంగా నేర్పిన టీచర్ వేసవిలో కొన్ని ఆన్‌లైన్ పాఠాలు వినగానే మారిపోరు. అందుకే ఇంట్లో మీరు చూసుకోవాలి.

లోపం ఎక్కడుందో తేల్చే రెండు చిన్న పరీక్షలు

మొదటిది, అర్థం లేని మాటలు. ఎల్-ఈ-ఎం అని రాయండి, “లెమ్” అని చదవాలి. ఎస్-హెచ్-ఏ-ఎఫ్ రాస్తే “ష్యాఫ్.” బి-ఆర్-యు-కె రాస్తే “బ్రక్.” ఎన్-ఏ-బి-ఈ రాస్తే “నేబ్,” ఇక్కడ చివరి ఈ పలకదు గానీ ముందున్న ఏ శబ్దాన్ని మారుస్తుంది. ఎఫ్-ఓ-ఐ-టి రాస్తే “ఫాయిట్.” ఇవి ఏలియన్ల పేర్లని చెప్పండి, పిల్లలు సరదాగా చదువుతారు. ఎక్కడా చూసి ఉండరు, బొమ్మ లేదు, అర్థం లేదు. కాబట్టి ఊహించడానికి దారి లేదు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఆరేళ్ల పిల్లలందరికీ పెట్టే ఫోనిక్స్ పరీక్షలో నలభై మాటలుంటే ఇరవై ఇలాంటివే. ఫస్ట్ గ్రేడ్ మధ్యకి మొదటి మూడూ వచ్చి తీరాలి. సెకండ్ గ్రేడ్ మొదటికి ఐదూ రావాలి. “లెమ్”ని “లెమన్” అన్నారంటే పాత అలవాటు బయటపడ్డట్టే.

రెండోది వినికిడి పరీక్ష. పిల్లవాడి క్లాసు స్థాయి కథ ఒకటి మీరే చదివి వినిపించండి, తరవాత కథ చెప్పమనండి. ఇంకో రోజు అదే స్థాయి కథ వాడిచేత చదివించి చెప్పమనండి. వింటే అర్థమై, చదివితే అర్థం కాకపోతే లోపం అక్షరాల దగ్గరుంది. చదవడం గడగడా వచ్చి, విన్నా అర్థం కాకపోతే అక్షరాల గొడవ కాదు, ఇంగ్లీషు మాటలూ లోకజ్ఞానమూ చాలడం లేదు. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు దీన్ని గుణకారంగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే మాటను పలకగలగడం ఇంటూ భాష అర్థం కావడం. రెండిట్లో ఏది సున్నా అయినా లబ్ధం సున్నాయే.

మన ఇళ్లలో ఈ రెండో రకం పిల్లలు తక్కువేమీ కాదు. నాలుగేళ్లకే చదివించేస్తాం, స్పెల్లింగ్ బీ అంటే చెవి కోసుకుంటాం, “బికాజ్” స్పెల్లింగ్ మంత్రంలా చదివిస్తాం. ఆ పిల్లవాడు పేజీ అంతా తప్పు లేకుండా చదివి, “హార్బర్ అంటే ఏంటి నాన్నా?” అంటే బిత్తరపోతాడు. వాడికి ఇంకా ఫోనిక్స్ వర్క్‌బుక్కులు కొనిపెట్టకండి, డబ్బు దండగ. వాడికి కావాల్సింది మీరు పక్కన కూర్చుని చదివి వినిపించే పుస్తకాలు, ఓడల మీద, చీమల మీద, అగ్నిపర్వతాల మీద. హోల్ లాంగ్వేజ్ వాళ్లు చెప్పినదాంట్లో వందకి వందపాళ్లు నిజం ఇదే, మంచి పుస్తకాలు వినకుండా ఏ బిడ్డా పాఠకుడు కాడు. 2008లో రీడింగ్ ఫస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం మీద వచ్చిన అధ్యయనంలోనూ ఇదే కనబడింది. ఫస్ట్ గ్రేడ్ పిల్లలు మాటలు పలకడం మెరుగైంది, చదివింది అర్థం చేసుకోవడం మాత్రం పెరగలేదు.

ఆ వినిపించేది తెలుగైనా ఫర్వాలేదు. కథ ఎలా నడుస్తుందో, ఎవరు ఎందుకు ఏం చేశారో పట్టుకోవడం ఏ భాషలో అలవాటైనా ఇంగ్లీషుకీ పనికొస్తుంది. “ఇంట్లో తెలుగు మానెయ్యండి, వాడికి తికమకగా ఉంది” అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

టీచర్ దగ్గర ఏం అడగాలి

పేరెంట్ టీచర్ కాన్ఫరెన్స్ పావుగంట. మనవాళ్లలో రెండు రకాలు చూశాను. ఒకరు “టీచర్‌కి తెలీదా” అని తలూపి వచ్చేస్తారు. ఇంకొకరు ముందురోజు రాత్రే ప్రిన్సిపాల్‌ని కాపీలో పెట్టి రెండు పేజీల ఈమెయిల్ పంపుతారు. రెండూ పనికిరావు.

“మీరు ఫోనిక్స్ నేర్పుతారా?” అని అడగకండి. ఈ రోజుల్లో కాదనేవాళ్లు లేరు. “తెలియని మాట వస్తే ఏం చెయ్యమని మీరు పిల్లలకి చెప్తారు?” అని అడగండి. జవాబు శబ్దాలతో మొదలైతే మంచిది. బొమ్మతోనో, “ఏది కుదురుతుందో ఆలోచించమంటాం” అనో మొదలైతే మీకు కావాల్సిన సంగతి తెలిసిపోయినట్టే. అక్కడ వాదన పెట్టుకోకండి. ఆ తరవాత ఫోనిక్స్‌కి ఏ ప్రోగ్రామ్ వాడుతున్నారో, ఇప్పుడు ఏ పాఠం నడుస్తోందో అడిగి రాసుకోండి. క్రమం ఉన్న చోట టీచర్ వెంటనే చెప్పగలుగుతారు: ఈ వారం మ్యాజిక్ ఈ (మాట చివర పలకని ఈ), వచ్చే వారం ఏఐ, ఏవై జంటలు. “అవసరాన్ని బట్టి చిన్న చిన్న పాఠాలు” అన్నారంటే క్రమం లేదని అర్థం.

ఆఖరిది అంకెలు. డిబెల్స్ లాంటి స్క్రీనింగ్, అంటే చదవడం ఎంతవరకు వచ్చిందో చూసే చిన్న పరీక్ష, ఏడాదికి మూడుసార్లు పెడతారు. అందులో నాన్‌సెన్స్ వర్డ్స్ (అర్థం లేని మాటలు) భాగం విడిగా ఉంటుంది. మొత్తం స్కోరు కాదు, ఆ భాగం చూపించమనండి. లెవెల్ జె, లెవెల్ కె కన్నా ఆ ఒక్క అంకె ఎక్కువ చెప్తుంది. చాలా స్కూళ్లు అడిగితే ఇస్తాయి, అడగనివాళ్లకి “ఆన్ ట్రాక్” అన్న మాట మాత్రం చేరుతుంది.

ఇంట్లో రోజూ కాసేపు

పావుగంట మించకండి. ఏడుపులు మొదలైతే ఆపెయ్యండి.

మొదట చెవికి పని. అక్షరాలు వద్దు, పుస్తకం వద్దు, కారులో వెళ్తూ కూడా చెయ్యొచ్చు. “స్టాప్” అను. అందులో మొదటి శబ్దం తీసేస్తే? “టాప్.” “ప్లేట్”లో రెండో శబ్దం తీసేస్తే? “పేట్.” రెండోది చాలామందికి రాదు, అది కష్టమైనదే. “క్యాట్”లో చివరి ట్ తీసి ప్ పెడితే? “క్యాప్.” శబ్దాలు చెవికి విడివిడిగా తెలియకపోతే అక్షరాలతో చదవడం కష్టమవుతుంది.

తరవాత శబ్దాలు పలకడం. ఇక్కడ అమెరికన్ తల్లిదండ్రులకన్నా మనం నయం, కొంచెం జాగ్రత్తగా ఉంటే. మన హల్లుల్లో అ కలిసే ఉంటుంది కాబట్టి బి చూపించి “బ” అనడం నోటికి అలవాటు. అలా పలికితే బ, ఆ, ట కలిపినప్పుడు “బ్యాట్” రాదు, మూడక్షరాల వింతమాట వస్తుంది. పొల్లుతో పలకండి. బ్, ట్, క్. మ్, స్, ఫ్, న్ లాంటివి సాగుతాయి, మ్మ్మ్ అని సాగదీసి తరవాతి శబ్దంలోకి జారండి. క్, ట్, ప్ సాగవు, టక్కున వదిలెయ్యండి. “క్యాట్” మధ్యలో ఉన్న ఆ అచ్చుకి మనకి గుర్తు లేదు గానీ శబ్దం ఉంది. మనలో చాలామంది “మేక” అనేటప్పుడు పలికే దీర్ఘాన్ని కురచ చేస్తే అదే. వి, డబ్ల్యూ తేడా మాత్రం మన నోట సరిగా రాదు, రెంటికీ వకారమే అనేస్తాం. ఆ రెండిటికీ టీచర్ వీడియో చూపించడం మేలు.

అక్షరాల పేర్లు వేరు, శబ్దాలు వేరు. “డబ్ల్యూ” పేరులో ఆ శబ్దమే లేదు. “వై” పేరు ఆ శబ్దంతో మొదలవుతుంది, అందుకే “విల్” రాయమంటే కొందరు పిల్లలు వైతో మొదలెడతారు. నవ్వకండి, చెవి బాగా పనిచేస్తోందని దాని అర్థం.

ఆ తరవాత రాత. కాగితం మీద మూడు గడులు గియ్యండి. “షిప్” అని చెప్పండి. ఒక్కో శబ్దానికి ఒక్కో గడిలోకి ఒక గింజ జరపాలి: ష్, ఇ, ప్. ఇప్పుడు గింజలు తీసి అక్షరాలు రాయాలి. మొదటి గడిలో ఎస్, హెచ్ రెండూ పడతాయి, ఎందుకంటే శబ్దం ఒకటే. నాలుగు అక్షరాలు, మూడు శబ్దాలు అన్న సంగతి పిల్లలకి మాటల్లో చెప్తే ఎక్కదు, ఆ గడి ఇరుకైపోయినప్పుడు ఎక్కుతుంది. నా బల్ల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది ఇదే. వర్క్‌షీట్లకన్నా, యాప్‌లకన్నా కూడా.

చివర చదవడం. నేర్చుకున్న శబ్దాలతోనే అల్లిన డీకోడబుల్ పుస్తకాలు కావాలి. లైబ్రరీలో బాబ్ బుక్స్ దొరుకుతాయి. ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ల యూఫ్లై పాఠాలకి చిన్న కథలు ఉచితంగా ప్రింట్ తీసుకోవచ్చు, పాఠం నంబరును బట్టి వరసలో ఉంటాయి. కథలు చప్పగా ఉంటాయని ముందే చెప్తున్నాను. పిల్లి చాప మీద కూర్చుంటుంది, ఎలుక చాప కింద కూర్చుంటుంది. ఏం చేస్తాం. అచ్చుల జంటలు వచ్చేదాకా అవి చదివించి, తరవాత మామూలు పుస్తకాలకి మారిపోండి. జీవితాంతం అవే చదివించేవాళ్లున్నారు, అదీ తప్పే.

మాట దగ్గర ఆగిపోతే మీ నోట్లోంచి “బొమ్మ చూడు” అన్నది రాకూడదు. “వేలు పెట్టు. మొదటి శబ్దం? తరవాత? కలుపు.” మాట పూర్తిగా పలికాక అప్పుడు అడగండి, “వాక్యంలో కుదిరిందా?” సందర్భానికి ఉన్న చోటు అదే, పలికింది సరి చూసుకోవడానికి.

నియమానికి లొంగని మాటలుంటాయి. “సెడ్”లో ఎస్, డి బుద్ధిగానే పలుకుతాయి, మధ్యలో ఏఐ ఒక్కటే మొండికేస్తుంది. ఆ ముక్క కింద గీత గీసి, దాన్ని మాత్రం గుర్తుపెట్టుకోమనండి. 220 మాటల డోల్చ్ జాబితా ఫ్లాష్‌కార్డులు చేసి, ఒక్కోదాన్నీ బొమ్మలా బట్టీ పట్టించక్కర్లేదు. వాటిలో చాలావాటిని శబ్దాలతో చదివెయ్యొచ్చు.

మూడు నాలుగు నెలల్లో మార్పు రాకపోతే

క్లాసులో సాయం, చిన్న గుంపులో సాయం ఇచ్చి చూద్దామని స్కూల్ అంటుంది. మంచిదే. కానీ “ఇంట్లో రెండు భాషలు కదా, ఇంకో ఏడాది ఆగుదాం” అంటే ఆగకండి. తెలుగులో కూడా ప్రాసమాటలు పట్టుకోలేకపోయినా, అక్షరాల పేర్లు నెలల తరబడి చెప్పినా నిలవకపోయినా, ఇంట్లో ఎవరికైనా చదవడంలో ఇలాంటి ఇబ్బంది ఉన్నా, అది భాష సమస్య కాకపోవచ్చు. డిస్లెక్సియా కావచ్చు, అంటే తెలివికి లోటు లేకపోయినా మాటలు చదవడం కష్టమవడం.

అప్పుడు నోటిమాట వద్దు. స్కూల్‌కి ఈమెయిల్ రాయండి, తారీఖు ఉండాలి. మీ పిల్లవాడి పేరు, గ్రేడ్, మీరు ఇంట్లో చూసిన రెండు మూడు ఉదాహరణలు, స్క్రీనింగ్ అంకెలు రాసి, ఐడియా చట్టం (ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లల చదువు కోసం ఉన్న కేంద్ర చట్టం) కింద స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్ కోరుతున్నామని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఎవాల్యుయేషన్‌కి పైసా కట్టక్కర్లేదు. స్కూల్ ఒప్పుకుంటే మీరు సంతకం పెట్టిన నాటి నుంచి 60 రోజుల్లో, లేదా మీ రాష్ట్రం పెట్టిన గడువులో పూర్తి చెయ్యాలి. ఒప్పుకోకపోతే ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి. “ముందు చిన్న గుంపు సాయం పూర్తి కానివ్వండి” అని దాన్ని వాయిదా వెయ్యడానికి వీల్లేదని కేంద్ర విద్యాశాఖ 2011లోనే స్పష్టం చేసింది. సమావేశంలో ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీని అడగొచ్చు, మీ అమ్మగారో నాన్నగారో పిల్లల్ని చూసుకుంటున్న ఇళ్లలో ఇది బాగా పనికొస్తుంది.

వీసా మీద ఉన్నాం, పిల్లవాడి పేరు మీద ముద్ర పడుతుందేమో అని చాలామందికి టెన్షన్. పబ్లిక్ స్కూల్లో ఉన్న ఏ పిల్లలకైనా ఈ హక్కు ఉంది, వీసా ఏదన్నది అడగరు. ఆ కాగితాలు ఫెర్పా చట్టం కింద గోప్యంగా ఉంచాల్సిన స్కూల్ రికార్డులు. ముద్ర కన్నా ఆలస్యమే ప్రమాదం, ఎందుకంటే థర్డ్ గ్రేడ్ రీడింగ్ పరీక్ష తప్పితే పై క్లాసుకి పంపని రాష్ట్రాలు చాలానే ఉన్నాయి. ఒహాయోలో 2023 మార్పుల తరవాత తల్లిదండ్రులు ఒప్పుకుంటే పంపుతారు, కానీ పై క్లాసుకి వెళ్లినంత మాత్రాన చదవడం రాదు కదా.

ఈమెయిల్ క్లాస్ టీచర్‌కి ఒక్కరికే పంపితే అది ఎక్కడో ఆగిపోవచ్చు. టీచర్‌కీ, స్కూల్ సైకాలజిస్ట్‌కీ, ప్రిన్సిపాల్‌కీ కలిపి పంపండి. ప్రిన్సిపాల్‌ని కాపీలో పెట్టాల్సిన సందర్భం ఇదొక్కటే. రెండు వారాల్లో జవాబు రాకపోతే అదే ఈమెయిల్‌ని, పాత తారీఖు కనబడేలా, మళ్లీ ఫార్వర్డ్ చెయ్యండి.